'నైంటీ పోసెయ్ రా' అన్నాడు నాన్న

మొన్న మార్చిలో మా గరాజ్‌లో నాన్న ఈ మాట అనగానే వంటింట్లోంచి మా ఆవిడ తల బయటపెట్టి చూసింది. పొద్దున పదకొండు గంటలకే తండ్రీకొడుకులు నైంటీ అంటున్నారేంటా అని. తీరా చూస్తే ఇద్దరం గచ్చు మీద చతికిలబడి పాత టిల్లర్ గేర్‌బాక్స్ కన్నంలోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తున్నాం. నాన్న అన్న నైంటీ ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్ (ఎస్ఏఈ అంటే నూనెల చిక్కదనానికి అంకెలు పెట్టే అమెరికా ఇంజినీర్ల సంస్థ). మావైపు ట్రాక్టర్ హౌసింగ్‌కైనా, లారీ గేర్‌బాక్స్‌కైనా, షాపుకెళ్ళి "నైంటీ ఆయిల్ రెండు లీటర్లు" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. నాన్న నలభై ఏళ్ళు అలాగే కొన్నాడు, బళ్ళన్నీ బాగానే తిరిగాయి. అందుకని నేను ఆ ఆయిల్ కోసం రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకోవడం ఆయనకి వింతగా ఉండింది. ఆ రెండు వారాల సంగతే ఇది, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. ఇక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు, వేసవి వచ్చిందంటే పెరటి గోంగూర, సొరకాయలు కవర్లలో ఇళ్ళు మారుతుంటాయి. నేల మాత్రం ఎర్ర బంకమట్టి. తడిస్తే చెప్పుకి అంటుకుని వదలదు, ఎండితే ఇటుక. తెనాలి దగ్గర నల్లరేగడిలో పుట్టి పెరిగిన నాన్న, ఆరు నెలలు ఉందామని వచ్చి, మొదటి రోజే పార తీసుకుని పెరట్లోకి దిగి పది నిమిషాల్లో వెనక్కి వచ్చేశాడు. "దీన్ని మనుషులు తవ్వలేరు రా" అన్నాడు. ఆ వారాంతమే ఆన్‌లైన్‌లో వెతికి, గంటన్నర దూరంలో ఒక పల్లెలో ఒక పెద్దాయన దగ్గర పాత ట్రాయ్-బిల్ట్ టిల్లర్ కొన్నాను. ఇంజిన్ ముందు, చక్రాలు మధ్యలో, మట్టి తిరగేసే పళ్ళు వెనక. పోత ఇనుము ఒళ్ళు, ట్రక్కులోకి ఎక్కించడానికి ముగ్గురం పట్టాం. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో గార్డెన్ వే అనే కంపెనీ తయారు చేసేది వీటిని, పేరులో ట్రాయ్ అక్కడిదే. ఆ కంపెనీ 2001లో దివాలా తీస్తే పేరుని ఎంటీడీ అనే ఇంకో కంపెనీ కొనుక్కుంది, 2021లో ఎంటీడీనే స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొనేసింది. యజమానులు మారారు కానీ పాత బళ్ళు మాత్రం ఇప్పటికీ గరాజుల్లో బతికే ఉన్నాయి, అంత మొండివి.

"గేర్ ఆయిల్ ఏం పోశారు?" అని ఆ పెద్దాయన్ని అడిగితే "ఏది చేతికొస్తే అది" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చాక లెవెల్ చూద్దామని బిరడా విప్పితే ఆయిల్ అడుక్కి పోయి ఉంది. కింద డ్రెయిన్ బోల్టు తుప్పుపట్టి రానంటే, బలవంతం చేసి పోత ఇనుము పగలగొట్టుకోవడం ఎందుకని పై కన్నంలోంచి చేతి పంపుతో లాగాం. నల్లగా, చిక్కగా వచ్చింది, కుళ్ళిన ఉల్లిపాయల వాసన. నీళ్ళు కలిస్తే మజ్జిగ కలిపిన కాఫీలా తెల్లబడుతుంది, అలా లేదు, అది ఒక సంతోషం. నాన్న ఒక తెల్ల పేపర్ ప్లేటు తెమ్మని దాని మీద నాలుగు చుక్కలు వేసి, పల్చగా వేలితో రాసి, ఎండలోకి తీసుకెళ్ళి వంచి చూశాడు. మెరుపు. అమ్మాయిల గాజుల మీది చెమ్కీ రాలినట్టు సన్నటి పసుపు మెరుపు. ఫ్రిజ్ మీద పిల్లల 'బీ' అక్షరం అయస్కాంతం తీసుకొచ్చి, ప్లాస్టిక్ కవర్ చుట్టి ఆయిల్‌లో తిప్పాను. కవర్ మీద నల్లటి నూగు పేరుకుంది, అది ఉక్కు పొడి, పాత గేర్‌బాక్స్‌లో అంతమాత్రం మామూలే. కానీ పసుపు మెరుపు అయస్కాంతానికి రాలేదు, ప్లేటులోనే ఉండిపోయింది. నాన్న చూపుడు వేలు బొటనవేలితో కాసేపు నలిపి, "ఇది ఇనుము కాదురా. గన్‌మెటల్" అన్నాడు. బోరు మోటార్ల బుష్షులు అరిగినప్పుడు చూసిన కళ్ళు అవి. ఆయన చెప్పింది నిజమే, లోపల ఉన్నది కంచు.

కథంతా ఆ కంచు దగ్గరే ఉంది. ఈ టిల్లర్లలో ఇంజిన్ తిరిగే వేగాన్ని బాగా తగ్గించి బలాన్ని పెంచడానికి వర్మ్ గేర్ పెడతారు. ఒక ఉక్కు ఇరుసు మీద మర చుట్టి ఉంటుంది, బోల్టు మీద ఉన్నట్టు, దాని పక్కన కంచు చక్రం. మర తిరుగుతుంటే చక్రం పన్ను పన్నుగా కదులుతుంది. నాన్నకి చెప్పడానికి నాకు తట్టిన పోలిక లాకులే. దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరు చెయ్యి తిప్పుతుంటే అంత బరువున్న షట్టరు అంగుళం అంగుళం లేచేది కదా, ఇదీ అలాంటి మర సంగతే అన్నాను. "మరి ఆ మరకి గ్రీజు ఎందుకు అంత పూస్తారో తెలుసా, రాసుకుంటది కాబట్టి" అన్నాడాయన. సరిగ్గా పట్టుకున్నాడు. మామూలు గేర్ల పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లినట్టు కలుస్తాయి, వర్మ్‌లో అలా కాదు, పొడుగునా జారుతూ రాసుకుంటూనే ఉంటాయి. ఉక్కు మీద ఉక్కు అలా రాసుకుంటే కొరుక్కుపోతాయని, ఒకటి మెత్తగా ఉండాలని చక్రాన్ని కంచుతో చేస్తారు. కాబట్టి ఎప్పుడు అరిగినా కంచే అరుగుతుంది. ఆ చక్రం కొత్తది కొనాలంటే ఆయిల్ డబ్బాకి పదింతల పైనే.

ఇక నైంటీ సంగతి. 90 అనే అంకె చెప్పేది చిక్కదనం ఒక్కటే. డబ్బాలో ఏ మందులు కలిపారో, లోపలి లోహానికి పడుతుందో లేదో ఆ అంకె చెప్పదు. ఇంకో తమాషా, ఇంజిన్ ఆయిల్ 40 కంటే గేర్ ఆయిల్ 90 రెండింతలు చిక్కన అని చాలామంది అనుకుంటారు, నాన్నా అలాగే అన్నాడు. రెండు కొలబద్దలు వేరు. వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిస్తే గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) మధ్య ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ 50 అయితే 16.3 నుంచి 21.9. అంటే నైంటీ గేర్ ఆయిల్, 40-50 ఇంజిన్ ఆయిల్ దాదాపు తోడబుట్టినవే. 140 మాత్రం నిజంగా చిక్కన, 24 నుంచి 32.5. నైంటీ లేతపాకం అయితే వన్ ఫార్టీ తీగపాకం అనుకోండి, అరిసెలు వండే ఇంట్లో ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. ఇక 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140 అని రాసే వాటిలో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత గడ్డకడుతుందో చెప్పేది. 80డబ్ల్యూని మైనస్ 26 దగ్గర, 85డబ్ల్యూని మైనస్ 12 దగ్గర పరీక్షిస్తారు. మైనస్ 12లో నేను పెరడు దున్నను, తెనాలిలో మీరూ దున్నరు. కాబట్టి ఆ ముందు అంకె గురించి టెన్షన్ అక్కర్లేదు.

అసలు చూడాల్సింది వెనక చిన్న అక్షరాల్లో ఉండే జీఎల్ అంకె. జీఎల్-4, జీఎల్-5. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వాళ్ళు పెట్టిన తరగతులివి. 5 పెద్దది కాబట్టి మంచిదని కౌంటర్ దగ్గర కుర్రాడు నాకు చెప్పాడు. తప్పు అతనిది కాదు, అందరూ అలాగే అనుకుంటారు. జీఎల్-5 తయారైంది కార్లు, లారీల డిఫరెన్షియల్‌లో (ఇంజిన్ బలాన్ని చక్రాలకి పంచే పెట్టె) ఉండే హైపాయిడ్ గేర్ల కోసం. అక్కడ ఉక్కు పళ్ళు ఉక్కు పళ్ళని విపరీతమైన ఒత్తిడితో నొక్కుతూ జారతాయి, మామూలు నూనె పొర నలిగిపోతుంది. అందుకని గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు, డబ్బా మీద 'ఈపీ', అంటే ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్, అని రాసేది అందుకే. పళ్ళు రాసుకుని వేడెక్కిన చోట గంధకం ఇనుముతో కలిసి పల్చటి పొర కడుతుంది, అరిగితే ఆ పొర అరుగుతుంది, పన్ను బతుకుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు.

ఉక్కుకి ఇది మేలే. కంచులో ఉన్నది రాగి. గంధకానికి రాగి అన్నా వెండి అన్నా ప్రాణం, పిల్లల వెండి పట్టీలు నల్లబడేది కూడా గాల్లోని గంధకం వల్లే. రాగి మీద కూడా అలాగే నల్ల పొర కడుతుంది. ఇంట్లో అయితే పట్టీలు తోముకుంటాం, ఇత్తడి బిందె చింతపండేసి రుద్దుకుంటాం, పోయేదేం లేదు. గేర్‌బాక్స్‌లో ఆ తోమే పని ఉక్కు మర చేస్తుంది. పొర గట్టిగా అంటుకుని, మర జారినప్పుడు ఊడేటప్పుడు కింద ఉన్న కంచుని కూడా కొంచెం పట్టుకుని ఊడుతుంది. మళ్ళీ కొత్త కంచు బయటపడుతుంది, మళ్ళీ పొర, మళ్ళీ ఊడటం. పేపర్ ప్లేటు మీద నాన్న చూసిన మెరుపు ఇలా వచ్చిందేనా, ఏళ్ళ తరబడి పని చేసిన అరుగుదలా, లెవెల్ పడిపోయి ఎండి తిరిగినందువల్లా అని అడిగితే, మూడూ కలిసి ఉంటాయనే నా అనుమానం. పెద్దాయన ఏది చేతికొస్తే అది పోశానన్నాడు కదా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో చదివితే జీఎల్-5 పోసిన మర్నాడే కంచు పొడైపోతుందన్నట్టు రాస్తారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నూనెల కంపెనీలు దీనికి పరీక్ష చేస్తాయి, రాగి రేకుని వేడి నూనెలో ముంచి రంగు చూస్తారు, గేర్ ఆయిల్‌కి 121 డిగ్రీల దగ్గర మూడు గంటలు. రంగుని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు, నాలుగంటే నల్లగా తినేసిందని. మనమూ చేద్దాం అనిపించింది. కరెంటు వైరు ఒలిచి, రాగి తీగ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, రెండు జామ్ సీసాల్లో ఒకదాంట్లో కొత్త జీఎల్-5, ఒకదాంట్లో కొత్త జీఎల్-4 పోసి తీగలు వేశాను. పెరట్లో క్యాంప్ స్టవ్ మీద ఇసుక గిన్నె, అందులో సీసాలు. ఇంట్లో చేస్తే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు. నాన్న కుర్చీ వేసుకుని కాపలా. మూడు గంటలయ్యాక తీసి తుడిచి చూస్తే జీఎల్-4 తీగ కాస్త ముదురు నారింజ, జీఎల్-5 తీగ దానికంటే ఒక ఛాయ ఎక్కువ, లేత కాఫీ రంగు. అంతే. నల్లబడలేదు. నా స్టవ్ మీద వేడి ఎంత ఉందో లెక్క లేదు కాబట్టి దీన్ని పరీక్ష అనకూడదు, ఆట అనాలి. కానీ ఇప్పటి జీఎల్-5ల్లో రాగిని కాపాడే మందులు కూడా కలుపుతున్నారు, పాత రోజుల్లో ఉన్నంత దూకుడు ఇప్పుడు లేదు అన్నది ఈ ఆటకి అతికింది. తెచ్చి పోసినవాళ్ళెవరూ కంగారు పడి రాత్రికి రాత్రి బాక్స్ విప్పక్కర్లేదు.

అయితే జీఎల్-5 పోసెయ్యొచ్చు కదా? వద్దనే నా మాట. సీసాలో తీగ ఊరికే మునిగి ఉంది, దాన్ని ఎవరూ రాయలేదు. గేర్‌బాక్స్‌లో వేడీ ఉంది, రాపిడీ ఉంది, అవి ఏళ్ళ తరబడి నడుస్తాయి. పైగా కంచు చక్రం ఉన్న ఈ టిల్లర్ల మాన్యువల్లోనే తేలిగ్గా తేల్చి పెట్టారు. లెవెల్ తగ్గి కాస్త పైపైన పోసేటప్పుడు జీఎల్-4 అయినా జీఎల్-5 అయినా పర్లేదు. మొత్తం దించి కొత్తగా నింపితే మాత్రం జీఎల్-4 ఒక్కటే, 140 గానీ 85డబ్ల్యూ-140 గానీ. ఇది చదివాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. భయపెట్టలేదు, అలా అని వదిలెయ్యనూ లేదు. నేను రెండు వారాలు తిరిగి చేరుకున్న చోటికి మాన్యువల్ మొదటి రోజే చేరి కూర్చుంది. ముందే ఎందుకు చదవలేదంటే, మగాళ్ళం కదా అంది మా ఆవిడ.

చిక్కదనం 140 ఎందుకంటే, జారి రాసుకునే చోట చిక్కటి నూనె అయితేనే పళ్ళ మధ్య నిలబడుతుంది. నూనె బయటికి రాకుండా ఇరుసు చుట్టూ పెట్టే సీళ్ళు పాతబడితే వాటిలోంచి కారడం కూడా తక్కువ. చలిలో మొదటి ఐదు నిమిషాలు బండి కాస్త బద్ధకంగా కదులుతుంది, మార్చి పొద్దున గరాజ్‌లో డబ్బా వంచితే తేనెకి అక్కలా దిగింది. వేడెక్కాక సర్దుకుంటుంది.

పోసేది తేలింది, దొరకడం ఇంకో గోల. నేను తిరిగిన షాపుల్లో షెల్ఫు నిండా జీఎల్-5లే, 75డబ్ల్యూ-90 అని, సింథటిక్ అని, రకరకాల రంగుల డబ్బాలు. జీఎల్-4 ఉన్నా 75డబ్ల్యూ-90లో, 85డబ్ల్యూ-90లో ఉంది తప్ప 140లో లేదు. ఒకచోట డబ్బా ముందు 'ఈపీ గేర్ ఆయిల్, కంచుకి ఇత్తడికి భయం లేదు' అన్న అర్థం వచ్చేలా ఉంది, వెనక్కి తిప్పితే జీఎల్ అంకే లేదు, పెట్టేసి వచ్చాను. చివరికి ఆన్‌లైన్‌లో 85డబ్ల్యూ-140 జీఎల్-4 దొరికింది, గ్యాలన్ డబ్బా, పాతిక డాలర్ల పైన. అది వచ్చేలోగా తొందరపడి కొన్న జీఎల్-5 సీసా ఒకటి ఉంది కదా, దానికీ పని దొరికింది, ఇదిగో వస్తున్నా.

లీకు సంగతి ముందు చెప్పాలి. ఆయిల్ అడుక్కి ఎందుకు పోయింది? వెనక పళ్ళ ఇరుసు దగ్గర దుమ్ము తడిగా పేరుకుని ఉంది. పళ్ళు విప్పితే ఇరుసుకి చుట్టుకుని గట్టిపడిన ముద్ద ఒకటి, టమాటా మొక్కలకి కట్టే పురికొస, కలుపు రాకుండా పరిచే బట్ట దారాలు, వాటితోపాటు గరిక వేర్లు. ఇక్కడివాళ్ళు బెర్ముడా గ్రాస్ అని లాన్లలో ముచ్చటగా పెంచుకునేది మన గరికే, టిల్లర్‌తో దాన్ని కోస్తే ముక్కకో మొక్క లేస్తుంది, వినాయకుడికి తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. ఆ ముద్ద తిరిగి తిరిగి ఆయిల్ సీల్ పెదవిని కోసేసింది. మనవైపు డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు ఇదే పని చేస్తాయి. ఎంత మంచి ఆయిల్ పోసినా సీల్ పోతే అది నేల మీదికే. ఈ లీకుకి ఇక్కడ ఒక చిట్కా వాడుకలో ఉంది, కార్న్ హెడ్ గ్రీజు. మొక్కజొన్న కోసే మిషన్ల గేర్‌బాక్సులకి వాడే పల్చటి గ్రీజు, కదలకపోతే గ్రీజు, తిరుగుతుంటే నూనె, కాబట్టి కారదు. కలుపు తీసే చిన్న యంత్రాల్లో గ్రీజుతోనే నడిచేవి ఉన్నాయి, అక్కడ సరే. నూనె చిమ్మి పైదాకా తడపాల్సిన నా బాక్స్‌లో అది పై బేరింగ్‌కి చేరుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. సీల్ మీద అంకెలు చూసి అదే కొలతది తెప్పించి మార్చాను. పాత సీల్ పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ ఇరుసుకి తగలకుండా చూసుకోండి, అక్కడ గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. నాన్న కొత్త సీల్ పెదవికి ముందే కాస్త నూనె రాసి, సమానంగా చెక్క ముక్క పెట్టి కొట్టాడు. నేనైతే పొడిగానే కొట్టేసేవాణ్ణి.

కడగడానికి డీజిల్ పొయ్యమన్నాడు నాన్న, ఊళ్ళో అలాగే చేస్తారు. డ్రెయిన్ బోల్టు రాని బాక్స్‌లో డీజిల్ పోస్తే అడుగున కొంత మిగిలిపోయి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుందని నా భయం. అందుకే ఆ జీఎల్-5 సీసా పోసి, పళ్ళు నేలకి తగలకుండా పైకి ఉంచి పది నిమిషాలు తిప్పి, వేడిగా ఉండగానే మళ్ళీ పంపుతో లాగేశాను. మెరుపు చాలావరకు దాంతో వచ్చేసింది. తర్వాత సమతలం మీద పెట్టి, చల్లగా ఉండగా, లెవెల్ గుర్తు దాకా 140 నింపాను. ఇంకాస్త పోస్తే మంచిదే కదా అనిపిస్తుంది, పొయ్యకండి. నిండా ఉంటే నురగ వస్తుంది, వేడెక్కి దారి వెతుక్కుంటుంది, దారి అంటే మళ్ళీ సీలే.

మధ్యలో స్నేహితులు ఇచ్చిన సలహాలు కూడా చెప్పేస్తాను. ఆటోమేటిక్ కార్లకి పోసే ఏటీఎఫ్ పొయ్యమన్నాడు ఒకడు, మాన్యువల్లో పేరుపెట్టి మరీ వద్దని ఉంది. ఇంజిన్ ఆయిల్ కూడా ఇందులో వద్దనే ఉంది. కెమికల్ ఇంజినీర్ ఒకాయన మాత్రం మంచి మాట చెప్పాడు, ఫ్యాక్టరీల వర్మ్ గేర్లకి వేరే నూనె ఉంటుంది, ఐఎస్ఓ 460 అనే చిక్కదనంలో, అందులో గంధకం మందు బదులు కొవ్వు కలుపుతారు, కంచు మీద బాగా జారుతుంది అని. ఏం కొవ్వు అంటే, పాతకాలం నుంచీ పశువుల కొవ్వే అన్నాడు. మా ఇంట్లో ఆ చర్చ అక్కడితో ఆగింది. పాలీగ్లైకాల్ అని ఇంకో సింథటిక్ రకం ఉంది, అది మామూలు నూనెతో కలవదు, పూర్తిగా కడగలేని బాక్స్‌లోకి దాన్ని రానివ్వకూడదు.

ఊళ్ళో పవర్ వీడర్లు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మీ బండిలో వర్మ్, కంచు చక్రం ఉండకపోవచ్చు, బెవెల్ గేర్లు అయితే అన్నీ ఉక్కే, కొన్నిట్లో చైను. ఉక్కు గేర్లకి నాన్న చెప్పిన నైంటీ చక్కగా సరిపోయేవి చాలా ఉన్నాయి, మాన్యువల్లో 80డబ్ల్యూ-90 ఉంటే అదే. కొన్ని చిన్న టిల్లర్ల బాక్స్‌కి ఇంజిన్‌కి పోసే 10డబ్ల్యూ-30నే పొయ్యమని కంపెనీయే చెబుతుంది, అందులో నైంటీ పోస్తే గేరు పడటానికి పెనుగులాటే. ఆయిల్లో మునిగిన బ్రేకులుండే ట్రాక్టర్లకి యూటీటీవో అని గేర్లకీ బ్రేకులకీ కలిపి పనికొచ్చే వేరే ఆయిల్ ఉంటుంది, అందులోనూ నైంటీ పొయ్యకూడదు. డ్రమ్ములోంచి కొలిచి ఇచ్చే లూజు ఆయిల్ మాత్రం ఎంత తెలిసినవాడి షాపైనా తీసుకోవద్దు, దానికి వెనకవైపు చిన్న అక్షరాలే ఉండవు కదా చదువుకోవడానికి. ఇంజిన్లోంచి దించిన నల్ల ఆయిల్‌ని గేర్‌బాక్స్‌లో పోసేవాళ్ళనీ చూశాను. దాని గురించి రాయడానికి కూడా నాకు ఓపిక లేదు.

దించిన పాత ఆయిల్‌ని నాన్న దాచమన్నాడు, కంచె కర్రలకి పూస్తే చెదలు రావని. ఇక్కడ అలా కుదరదు, ఆటో పార్ట్స్ షాపులో డబ్బుల్లేకుండానే తీసుకుంటారు, క్యాన్లో పోసి ఇచ్చి వచ్చాం. బయటికొచ్చాక "ఎంతిచ్చాడు?" అన్నాడు. ఏమీ ఇవ్వడు నాన్నా, తీసుకోవడమే మేలు అంటే ఆయనకి ఆ బేరం నచ్చలేదు.

ఏప్రిల్ మధ్యలో, మంచు భయం పోయాక, మట్టి పిడికిలి పడితే పొడిగా విడిపోయే రోజు చూసి దున్నాం. తడి మీద తిప్పితే ఈ బంకమట్టి పెళ్ళలు కట్టి ఎండాకాలమంతా అలాగే ఉంటుంది. రెండు సాళ్ళు గోంగూర, ఒక సాలు బెండ, దోస. గంట నడిపాక బాక్స్ మీద చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంది కానీ చెయ్యి ఆనింది. సీల్ దగ్గర పొడిగా ఉంది. మేలో మళ్ళీ బిరడా విప్పి ప్లేటు మీద చుక్క వేసి చూశాం, మెరుపు ఉంది, కాకపోతే వెతికితే గానీ కనపడలేదు.

జులైలో నాన్న ఊరెళ్ళిపోయాడు. పోయిన వారం పొద్దున్నే వీడియో కాల్. చూస్తే తెనాలిలో ఏదో ఆయిల్ షాపు కౌంటర్, మా బాబాయి వాళ్ళ వీడర్ బాక్స్ కారుతోందట. నాన్న డబ్బా వెనక్కి తిప్పి కెమెరాకి అడ్డం పెట్టి, "జీఎల్-4 అనుంది, నైంటీ. పొయ్యమంటావా?" అన్నాడు. లోపల ఏముంది నాన్నా, ఉక్కా, కంచా అన్నాను. షాపాయన నవ్వుతున్నాడు వెనక. "విప్పితే కదా తెలిసేది. ఉండు" అని ఫోన్ పెట్టేశాడు.